ఆంగ్లపు పలుకుబళ్లలో స్పర్శ

వీడ్కోలువేళ ఆంగ్లేయుడు ‘కీప్ ఇన్ టచ్’ అనును. దానిని ‘స్పర్శలో నుండుము’ అని తెలిగించినచో విన్నవారు నవ్వుదురు. వరుసలోని సైనికుల మోచేతులు ఒండొంటికి తగులుచుండుటను సైనికపరిభాషలో ‘టచ్’ అనిరి. ఈ పలుకుబడికి మూలమదియేయని కొందరి మతము. ‘టచ్ బేస్’ అమెరికావారి బేస్‌బాల్ ఆటనుండి వచ్చినది. పరుగెత్తువాడు ప్రతి స్థావరమును వరుసగా తాకితీరవలెను; కావుననే కాబోలు, ఆ మాటలో ఆప్యాయతకంటె పనితొందరయే హెచ్చు. ‘కోల్డ్ షోల్డర్’ 1816 నాటి వాల్టర్ స్కాటు నవల ‘ది యాంటిక్వెరీ’లో స్కాచి యాసలో కనిపించును. చల్లని భుజమనిన మనకేమి తెలియును? ‘మొగము చాటువేయుట’ యనిన చాలును.

తెలుగునను స్పర్శ లేకపోలేదు. ‘అంటీముట్టనట్లుండుట’ దూరమును చెప్పును. అయితే చెలిమి నిలుపుకొనుటను మనవారు తాకిడితో గాక, నడకతోను వ్రాతతోను చెప్పిరి: రాకపోకలు, ఉత్తరప్రత్యుత్తరములు. పరరాష్ట్రములలో స్థిరపడిన కుటుంబములు ఈ మాటల విలువ నెరుగును. ‘డ్రాప్ మి ఎ లైన్’ అనుదానికి ‘ఒక ఉత్తరముముక్క వ్రాయుము’ అచ్చముగా సరిపోవును. అక్కడ పంక్తి, ఇక్కడ ముక్క.