భయానక చిత్రాలు - నిద్రాభంగం

నాకు సినిమాలంటే మక్కువ. 1992లో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ విడుదలైనప్పుడు ఈపురుపాలెం నుండి చీరాల వెళ్లి రెండవ ఆట చూశాను. దెయ్యం పట్టిన యువతిగా రేవతి ముఖం కళ్లు మూసినా కదలలేదు. గుండెదడ, నోరెండుట, మూడు రాత్రులు నిద్ర లేదు. వైద్యుడనై యుండి భయపడితినని సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

గురుకులంలో వల్లించిన పాఠం అప్పుడు జ్ఞప్తికి వచ్చింది. భీకర రూపాలను చూచుట నేత్రానికి మిథ్యాయోగమని చరక సంహిత సూత్రస్థానం చెబుతుంది. భయం వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. దడ, నిద్రలేమి దాని లక్షణాలే. కథ కల్పితమని బుద్ధి ఎరిగినా శరీరం ఎరుగదు.

నాల్గవ రాత్రి అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించుకొని, వేడి గేదెపాలు త్రాగి, ఆ కథంతా నా భార్యకు చెప్పాను. ఆమె నవ్వింది, నాకు నిద్రపట్టింది. నూనె, పాలు వాతాన్ని శమింపజేశాయి. దాచిన భయాన్ని మాత్రం మాటే తీసివేసింది.

నేటికీ అటువంటి చిత్రాలు చూస్తాను. 2022లో ‘మసూద’ను పగటి ఆటకే చూశాను. అలసి ఉన్నప్పుడు, రాత్రివేళ ఒంటరిగా చూడను.

మీ పిల్లలు జడిసినప్పుడు పిరికివారని పరిహసించకండి, చెప్పనివ్వండి. దడ, నిద్రలేమి ఎంతకూ తగ్గకున్న వైద్యుని సంప్రదించండి.