కార్తికంలో కుక్క షికారు

ఎండాకాలంలో తారురోడ్డు కాలకముందే, తెల్లవారుజామున కుక్కను షికారుకు తీసుకువెళ్ళడం సబబే. కార్తికమాసం వచ్చినా అదే వేళకు గొలుసు పట్టుకుని బయలుదేరేవారు హైదరాబాదులో చాలామందే కనిపిస్తారు. యజమానికది అలవాటు, కుక్కకు శిక్ష.

శరత్తు అంటే కవులకు వెన్నెల. పొట్టికాళ్ళ డాషుండ్‌కు మాత్రం పొట్టకు తగిలే మంచుగడ్డి! రెండు పొరల బొచ్చుగల పొమరేనియన్‌కూ, లాబ్రడార్‌కూ మన చలి ఒక లెక్కలోది కాదు. పలచని వెంట్రుకల కుక్కలకూ, కుక్కపిల్లలకూ, ముసలివాటికీ అలా కాదు.

ముఖ్యంగా ముసలికుక్క సంగతి. కీళ్ళవాతం ఉంటే చలికి కీళ్ళు మరింత బిగుసుకుంటాయి. గుమ్మంలోనే మొరాయిస్తే మొండితనమనుకుని లాగకండి. కాసేపు వరండాలో నడిపించి, ఎండపొడ వచ్చాక వీధిలోకి తీసుకువెళ్ళండి. ఒక్కసారే అరగంట తిప్పేకన్నా పావుగంట చొప్పున రెండుసార్లు నయం. అసలు మానిపించడం మాత్రం తగదు; కదలకపోతే కీళ్ళు ఇంకా పట్టేస్తాయి, ఒళ్ళూ వస్తుంది. రెండు మూడు రోజులైనా కుంటు పోకపోతే పశువుల డాక్టరుకు చూపించవలసిందే.

దారిలో వణుకుతూ నిలబడిపోతే వెంటనే ఇంటికి మళ్ళండి. రాగానే పొట్ట, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడవండి. పిడుదులేమైనా పట్టుకున్నాయేమో అప్పుడే చూసి, చల్లని గచ్చుమీద కాక గోనెపట్టామీద పడుకోబెట్టండి.