రాయి అనుకున్నది కదిలితే

విశాఖలో తెన్నేటి పార్కు కింద, ఇంకాస్త పైన మంగమారిపేట దగ్గర, పాటు వేళ సముద్రం వెనక్కి తగ్గితే రాళ్ల మధ్య చిన్న చిన్న మడుగులు బయటపడతాయి. తొంగిచూస్తే నాచు, ఇసుక, గుల్లలు తప్ప ఏమీ కనిపించవు. మడుగు మీద నీడ పడకుండా కాసేపు కదలక కూర్చుంటే గులకరాయి అనుకున్నది పక్కకు జరుగుతుంది. ఫొటోగ్రాఫర్‌కు అసలు పని అప్పుడే మొదలవుతుంది.

అమావాస్యకు, పౌర్ణమికి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు నీరు బాగా లోపలికి పోతుంది. కచ్ సింధుశాఖలో అది మీటర్ల కొద్దీ దిగుతుంది. విశాఖలో సుమారు మీటరున్నర. అందుకే ఇక్కడ బయటపడే మేర తక్కువ. ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందే చేరుకోవాలి.

దాక్కోవడంలో ఆక్టోపస్‌ను మించింది లేదు. దాని చర్మంలో వేలాది రంగు సంచులుంటాయి. ఒక్కో సంచి చుట్టూ సన్నని కండరాలు. మెదడు నుంచి సంకేతం రాగానే కండరాలు బిగుస్తాయి, సంచి సాగి రంగుచుక్కగా పరుచుకుంటుంది. వదులైతే కుంచించుకుపోతుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. రంగుతోనే ఆగదు, చర్మాన్ని బొడిపెలుగా లేపి నాచు పట్టిన రాయి గరుకుదనాన్నీ తెచ్చుకుంటుంది. దాన్ని పట్టిచ్చేది కన్ను ఒక్కటే. గోధుమరంగు గరుకు మధ్యలో అడ్డంగా సాగిన నల్లటి కనుపాప. ఫోకస్ పెట్టాల్సింది అక్కడే.

కొన్ని పీతలది వేరే పద్ధతి. వాటి డిప్ప మీద కొక్కేల్లాంటి వెంట్రుకలుంటాయి. నాచు ముక్కలు, స్పాంజి ముక్కలు తుంచి వాటికి తగిలించుకుంటాయి.

నీటి మీద ఆకాశం మెరుపు ఫొటోకు పెద్ద అడ్డంకి. పోలరైజర్ ఫిల్టర్ తిప్పుతూ చూస్తే ఆ మెరుపు చాలావరకు పోతుంది. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు దాని ప్రభావం ఎక్కువ. ఫిల్టర్ లేకపోతే నల్ల గొడుగు అడ్డం పెట్టినా పని జరుగుతుంది. లెన్స్ పక్కనుండే ఫ్లాష్ మాత్రం నీటిని తెల్లగా మెరిపించి కింద ఉన్నదాన్ని మింగేస్తుంది.

అయితే చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. దగ్గరికెళ్లి, వెనకంతా మసక చేసి, ప్రాణిని స్పష్టంగా చూపిస్తారు. బొమ్మ అందంగానే వస్తుంది, కానీ అది దాక్కున్న సంగతి అందులో ఉండదు. ముందుగా చుట్టుపక్కల రాయి, నాచు, ఇసుక అన్నీ పడేలా వెడల్పుగా ఒక ఫ్రేమ్ తీయాలి. అపర్చర్ ఎఫ్8, ఎఫ్11 దగ్గర పెడితే నేపథ్యం కూడా తేటగా వస్తుంది. చూసేవాళ్లు కాసేపు వెతుక్కోవాలి. అదే ఆ ఫొటో ప్రాణం.

రంగు మారుతుందేమోనని ఆక్టోపస్‌ను పుల్లతో పొడవడం క్రూరం. బెదిరి మార్చుకున్న రంగు దాని సహజమైన దాపరికం కాదు కూడా. రాయి ఎత్తితే దాని అడుగున బతికేవి ఎండకు చచ్చిపోతాయి, కదపకపోవడమే మేలు. శంకువు ఆకారంలోని అందమైన నత్తలను అసలే చేత్తో పట్టుకోకూడదు, వాటిలో కొన్నింటి విషం మనిషి ప్రాణం తీయగలదు. అడుగు మందంగా ఉన్న బూట్లు తప్పనిసరి.

తీసిన ఫొటోను తేదీ, చోటు వివరాలతో ప్రకృతి పరిశీలనలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడితే, తెలిసినవాళ్లు అది ఏ జాతో గుర్తించే వీలుంటుంది. అక్కడ ఆ వెడల్పాటి ఫ్రేమ్ కూడా అక్కరకొస్తుంది, ఆ ప్రాణి ఏ రాతి మీద, ఏ నాచు పక్కన బతుకుతోందో అందులో ఉంటుంది కాబట్టి.