ఉష్ణమండల పీట్ చిత్తడి అడవులలో కార్చిచ్చు – కర్బన నిల్వలకు వాటిల్లిన నష్టం

అడవులలోని కర్బనం అనగానే చెట్ల కాండం, కొమ్మలు, ఆకులు స్ఫురిస్తాయి. అయితే ఆగ్నేయాసియాలోని పీట్ చిత్తడి అడవులలో కర్బనం అధిక భాగం చెట్లలో కాక, వాటి వేళ్ల కింద నేలలోనే నిల్వ ఉంటుంది. ఈ నేలల నుండి నీటిని తొలగిస్తే ఆ నిల్వ ఏమవుతుందో ఇండోనేషియాలోని మధ్య కలిమంతన్ రాష్ట్ర అనుభవం తెలియజేస్తుంది.

పీట్ ఏర్పడు విధానం

నీరు నిలిచి ఉండే ఈ అడవులలో రాలిన ఆకులు, కొమ్మలు, చనిపోయిన వేళ్లు ప్రాణవాయువు కొరత వలన, అధిక ఆమ్లత్వం వలన పూర్తిగా కుళ్లవు. సగం కుళ్లిన ఈ సేంద్రియ పదార్థం పొరలుగా పేరుకొని పీట్ ఏర్పడుతుంది. ఇది సంవత్సరానికి సుమారు 1–2 మిల్లీమీటర్ల మందమే పెరుగుతుంది. వేల సంవత్సరాలలో కొన్నిచోట్ల 10 మీటర్లకు మించిన లోతు ఏర్పడింది. ఎండిన పీట్ బరువులో సగానికి పైగా కర్బనమే. నీటిమట్టం ఉపరితలానికి దగ్గరగా ఉన్నంతకాలం ఈ నిల్వ భద్రంగా ఉంటుంది.

వరి కొరకు తవ్విన కాలువలు

బియ్యంలో స్వయంసమృద్ధి సాధించుటకు ఇండోనేషియా ప్రభుత్వం 1995లో మధ్య కలిమంతన్‌లోని సుమారు 10 లక్షల హెక్టార్ల చిత్తడి భూములను సాగులోకి తేవాలని నిర్ణయించింది. 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. ఇవి పీట్ నేలలలోని నీటిని నదులలోకి తరలించాయి. ఆమ్ల నేలలు, పోషక లోపాల వలన వరి ఆశించిన రీతిలో పండలేదు. 1999లో పథకాన్ని రద్దు చేశారు. కాలువలు మాత్రం మిగిలాయి.

1997 అగ్నిప్రమాదాలు

1997లో ఎల్‌నినో వలన తీవ్ర వర్షాభావం ఏర్పడింది. భూములను శుభ్రపరచుటకు పెట్టిన మంటలు ఎండిన పీట్‌కు వ్యాపించాయి. పీట్ పెద్ద జ్వాలలతో కాలదు. నివురుగప్పిన నిప్పువలె నేల లోపల వారాల తరబడి రాజుకుంటుంది. పైపైన నీరు చల్లినంత మాత్రాన ఆరదు. వర్షాలకు నీటిమట్టం పెరిగినప్పుడే పూర్తిగా చల్లారుతుంది.

సుసాన్ పేజ్, సహ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, మధ్య కలిమంతన్‌లో కాలిన చోట్ల సగటున 51 సెంటీమీటర్ల మందం పీట్ నష్టమైనట్లు గుర్తించారు. ఇండోనేషియా మొత్తం మీద ఆ సంవత్సరం పీట్, వృక్షజాలం కాలుట వలన 81 కోట్ల నుండి 257 కోట్ల టన్నుల కర్బనం విడుదలైనట్లు అంచనా వేశారు. ఇది ఆనాడు ప్రపంచమంతటా శిలాజ ఇంధనాల నుండి ఏటా సగటున వెలువడే కర్బనంలో 13–40 శాతానికి సమానం. పైన పేర్కొన్న వేగంతో అంత మందం పీట్ తిరిగి ఏర్పడుటకు 250 నుండి 500 సంవత్సరాలు పడుతుంది.

కాలిన తరువాత స్థితి

పీట్ కాలిన చోట నేల కుంగి, వర్షాకాలంలో ముంపునకు గురవుతుంది. పెద్ద వృక్షాల స్థానంలో ఫెర్న్ మొక్కలు, తుంగ జాతులు పెరిగి, వేసవిలో ఎండి, మరల మంటలకు తావిస్తాయి. మంటలు లేకున్నా, నీరు తొలగిన పీట్‌ను సూక్ష్మజీవులు కుళ్లింపజేయుట వలన కర్బన నష్టం కొనసాగుతుంది.

పునరుద్ధరణ చర్యలు

2015లో మరల పెద్దఎత్తున మంటలు చెలరేగిన పిమ్మట, 2016లో ఇండోనేషియా పీట్ నేలల పునరుద్ధరణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. కాలువలకు అడ్డుకట్టలు వేసి నీటిమట్టాన్ని పెంచుట, స్థానిక వృక్షజాతులను నాటుట ఇందులో ముఖ్యమైనవి. నీటిని తొలగించకుండానే సాగు చేయదగిన సాగో తాటి వంటి పంటలు రైతులకు ప్రత్యామ్నాయం కాగలవు.

నేల స్వభావాన్ని ముందుగా పరీక్షించి, దానికి తగిన పంటను ఎంచుకోవాలనేది వ్యవసాయ శాస్త్రంలో మొదటి పాఠం. కలిమంతన్‌లో పంటను ముందుగా నిర్ణయించి, నేలను దానికి అనుగుణంగా మార్చబూనారు. ఫలితంగా ధాన్యమూ దక్కలేదు, శతాబ్దాల కర్బన నిల్వా మిగలలేదు.