కొసరు పాట

కూరగాయలు బేరమాడే ఇల్లాలికి తూకం మీద ఎంత పట్టుదలో, ఆఖరున సంచిలో పడే కరివేపాకు రెబ్బ మీద అంత మమకారం. తూచినది హక్కు, కొసరు ఆప్యాయత. ఆ రెబ్బకు విడిగా వెల కట్టమంటే మాత్రం ఆమె మొగం చిట్లిస్తుంది. పాటలకు కూడా ఇలాంటి కొసరు ఒకటి ఉన్నదనీ, దానికోసం మనుష్యులు సముద్రాల అవతలికి కబుర్లు పంపుతారనీ నాకు 2001లో తెలిసింది.

అప్పుడు మావారి ఉద్యోగరీత్యా మా కాపురం టోకియోలో. మా తమ్ముడు ఇంగ్లండులో చదువుకుంటున్నాడు. నాన్నగారు ప్రావిడెంటు ఫండు మీద అప్పు తీసి వాణ్ణి పంపించారు. అటువంటి వాడు ఒకనాడు టెలిఫోను చేసి, "అక్కయ్యా, మ్యూజ్ వాళ్ల కొత్త ఆల్బమ్ ఒకటి కొని పంపించు. జపాను ముద్రణే కావాలి సుమా!" అన్నాడు.

మ్యూజ్ అనేది ఇంగ్లండులో డెవన్ ప్రాంతాన, సముద్రం ఒడ్డున ఉన్న టిన్‌మత్ అనే ఊళ్లో చదువుకునే రోజుల్లో జట్టుకట్టిన ముగ్గురు కుర్రవాళ్ల మేళం. రాక్ సంగీతంలో రివాజు బాటను కాదని పక్కదారిన నడిచే ఆల్టర్నేటివ్ బాణీ వాళ్లది. ఇంగ్లండు వాళ్ల పాట ఇంగ్లండులో ఉన్నవాడు టోకియో నుంచి తెప్పించుకోవడమేమిటి? గోదావరి గట్టున కాపురముండి, నీళ్లకోసం కాశీకి కబురు పెట్టినట్టుంది!

"ఇక్కడిది కొనేశానక్కయ్యా. ఇందులో పదకొండే పాటలు. జపాను దాంట్లో 'ఫ్యూచరిజమ్' అని ఇంకొకటి ఉంది" అన్నాడు.

"ఒక్క పాటకోసం రెండో డిస్కా? ఆ డబ్బుతో నాలుగు రోజులు కడుపునిండా తినవచ్చు గదరా!"

"భోజనం ఎప్పుడైనా చేయవచ్చు" అన్నాడు మహానుభావుడు.

ఒళ్లు మండింది. అయినా తమ్ముడు గదా! ఆదివారం నాడు షిబుయాలోని టవర్ రికార్డ్స్ కొట్టుకు వెళ్లాను. అమెరికాలో పుట్టిన ఆ సంస్థ 1981లోనే షిబుయాలో కొట్టు తెరిచింది. 1995లో పెద్ద భవనంలోకి మారింది. 2006లో అమెరికా కొట్లు దివాలా తీసినా, అంతకు ముందే విడిపోయిన జపాను కొట్లు నిలిచాయి.

అక్కడ ఒకే ఆల్బమ్ రెండు వేషాల్లో కనిపించింది. ఒకటి విదేశం నుంచి దిగిన సరుకు. రెండవది జపానులో అచ్చయినది. దాని నడుముకు ఒక కాగితపు పట్టీ. కిమోనో మీద కట్టే నడికట్టు పేరే దానికీ పెట్టారు, 'ఓబీ' అని. లోపల జపాను భాషలో పరిచయవ్యాసం, పాటలకు అనువాదం. చిత్రమేమిటంటే, దూరంనుంచి ఓడల్లోనూ విమానాల్లోనూ వచ్చినదే చవక. ఉన్న ఊళ్లో తయారైనదే ప్రియం!

ఈ తిరకాసుకు మూలం ఒక చట్టంలో ఉంది. 1953లో జపాను తన గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని సవరించి, పుస్తకాలు, పత్రికలు, రికార్డుల వంటి వాటికి ప్రచురణకర్త నిర్ణయించిన వెలకే కొట్లవాళ్లు అమ్మాలని షరతు పెట్టుకోవడానికి వీలిచ్చింది. రాజధానిలోనైనా మారుమూల దీవిలోనైనా ఒకటే వెల ఉండాలని, తక్కువమంది కోరే రచనలు కూడా బతకాలని ఆ ఏర్పాటు. తరువాత కంపాక్టు డిస్కులూ ఆ గొడుగు కిందికి వచ్చాయి. అప్పట్లో విదేశీ ఆల్బమ్‌కు జపాను ముద్రణ వెల సుమారు 2,500 యెన్‌లు ఉండేది. దిగుమతి సరుకుకు మాత్రం ఈ కట్టుబాటు లేదు.

దానికి తోడు యెన్ బలపడింది. 1985లో డాలరుకు సుమారు 240 యెన్‌లు ఉండేవి. 1995 ఏప్రిల్‌లో ఒక దశలో 80 కంటే తక్కువకు దిగింది. విదేశీ సరుకు అంతకంతకూ చవకైంది. వెల తగ్గించలేని జపాను కంపెనీలు ఏం చేయాలి? కూరగాయలమ్మి ఉపాయమే పట్టాయి. తూకం మార్చలేనప్పుడు కొసరు వేయాలి! మరెక్కడా ఆల్బమ్‌లో చేర్చని పాటను అడిగి తెచ్చి తమ ముద్రణలో కలిపాయి. ఒక్కొక్కప్పుడు ఆల్బమ్‌ను మిగతా దేశాలకంటే ముందే విడుదల చేశాయి. రేడియోహెడ్ వారి 'ఓకే కంప్యూటర్' 1997లో ఇంగ్లండుకంటే మూడు వారాలకు పైగా ముందు జపానులో వెలువడింది.

మ్యూజ్ వారి సంగతే చూడండి. 1999 ఆల్బమ్‌కు 'స్పైరల్ స్టాటిక్', 2001లో 'ఫ్యూచరిజమ్', 2003లో 'ఫ్యూరీ', 2006లో 'గ్లోరియస్' జపానుకు దక్కిన కొసర్లు. ఐస్‌లాండు గాయని బ్యోర్క్ 1995లో 'పోస్ట్'కు 'ఐ గో హంబుల్' కలిపింది. ఇలాంటి తాయిలం జపానుకే పరిమితం కాదు. నిర్వాణా మేళం 1993లో 'ఇన్ యూటెరో'ను అమెరికా బయట ఒక అదనపు పాటతో విడుదల చేసి, ఇది విలువ తగ్గిన అమెరికా డాలరు పుణ్యమా అని కొనుగోలుదారుకు వేసిన ఎర అనే అర్థం వచ్చేటట్టు డిస్కు మీద వేళాకోళంగా అచ్చువేయించింది. ఉన్నమాట చెప్పినందుకు మెచ్చుకోవాలి!

అయితే, విందులో పెరుగన్నం అయిన తరువాత మళ్లీ పులిహోర వడ్డిస్తే ఎట్లా ఉంటుంది? రేడియోహెడ్ వారి 'ది బెండ్స్' 1995లో పన్నెండు పాటలతో వచ్చింది. చివరిది విషాదంలో మెల్లగా కరిగిపోయే పాట. దాని తరువాత నిశ్శబ్దమే బాగుంటుంది. జపాను ముద్రణలో ఆ తరువాత మరి రెండు పాటలు మొదలవుతాయి. పాటలు మంచివే, చోటే కాదు.

ఇదంతా తెలిశాక నాకు ఒకటి తోచింది. జపాను వాడికి ఈ కొసరు న్యాయమే. ఎక్కువ ఇచ్చాడు, ఎక్కువ పుచ్చుకున్నాడు. నష్టమల్లా పరదేశంలో ఉన్న నిజమైన అభిమానికి. ఏదో వినేవాడు పదకొండుతో తృప్తిపడి ఊరుకుంటాడు. ప్రాణం పెట్టేవాడే రెండుసార్లు వెల చెల్లిస్తాడు. ఎంత ప్రేమో అంత జరిమానా!

తమ్ముడి డబ్బు తీసుకోలేదు. డిస్కు పార్సెలు చేస్తూ, నాన్నగారి అప్పు, వాడి బాధ్యత గుర్తుచేసి రెండు పేజీల చీవాట్లు రాసి అందులో పెట్టాను. వాడు జవాబివ్వలేదు. రెండు నెలలు ఫోనూ లేదు. పాటకోసం తమ్ముణ్ణి పోగొట్టుకున్నానా అని బెంగపడ్డాను. మూడో నెలలో, సాయంకాలాలు హోటల్లో పనికి కుదిరానని, ఇకమీదట నాన్నగారిని చేతిఖర్చు అడగనని రాశాడు.

ఇరవై ఏళ్లు గడిచాయి. 2021లో మ్యూజ్ వారు ఆ ఆల్బమ్‌ను మెరుగుపరచి మళ్లీ విడుదల చేస్తూ, 'ఫ్యూచరిజమ్'ను అందులో చేర్చి లోకానికంతకూ పంచిపెట్టారు. వెంటనే తమ్ముడికి ఫోను చేశాను.

"చూశావురా, నాలుగు రోజుల భోజనం మానేస్తానన్న పాట ఇవాళ అందరికీ దొరుకుతోంది. నీ డిస్కుకు ఇక విలువేముంది?"

"ఆ పాట విని ఏళ్లయిందక్కయ్యా. డిస్కు మాత్రం ఎవరికీ ఇవ్వను" అన్నాడు.

"ఏం?"

"నీ ఉత్తరం ఇంకా దాని అట్టలోనే ఉంది."