చార్టర్ స్కూళ్ల మీద ఓటు: అపోహలు – వాస్తవాలు

అపోహ: అమెరికాలో చార్టర్ స్కూలంటే మన కార్పొరేట్ స్కూలు లాంటిదే.

ఫీజు కట్టించుకునే హక్కే దానికి లేదు. నడిచేది ప్రభుత్వ సొమ్ముతో. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. 1991లో మిన్నెసోటా తొలి చట్టం చేసిన నాటి నుంచీ ఓ పెద్ద తగువు పెత్తనం దగ్గరే. మామూలు ప్రభుత్వ బడుల బోర్డును చాలాచోట్ల జనమే ఎన్నుకుంటారు. చార్టర్ స్కూలు బోర్డు విషయంలో వాళ్లకు ఆ అవకాశం ఉండదు.

అపోహ: 2016లో మసాచుసెట్స్ జనం చార్టర్ స్కూళ్లే వద్దన్నారు.

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఆ నవంబరు బ్యాలెట్‌లోని రెండో ప్రశ్న ఉన్న స్కూళ్ల జోలికే పోలేదు. చట్టం పెట్టిన పరిమితిని దాటి ఏటా 12 దాకా కొత్త చార్టర్లకో, ఉన్నవాటి విస్తరణకో అనుమతి ఇవ్వాలా అన్నదే ప్రశ్న. దాదాపు 62 శాతం మంది కాదన్నారు. పరిమితి అలాగే మిగిలింది, స్కూళ్లూ అలాగే నడిచాయి.

చదువు బాగాలేక ఓడించారా అంటే, అదీ కాదు. లాటరీలో సీటు దక్కిన పిల్లలనూ దక్కని పిల్లలనూ పోల్చి చూసిన పరిశోధకులు, బోస్టన్ చార్టర్లలో చదివినవాళ్లే పరీక్షల్లో బాగా ముందున్నారని తేల్చారు. అయినా బోస్టన్‌లోనూ వద్దన్నవాళ్లదే పైచేయి. చిక్కంతా నిధులతో. పిల్లవాడు చార్టర్‌కు మారితే అతని పేరిట వచ్చే సొమ్మూ వెంట పోతుంది. తరగతిలో ఇద్దరు తగ్గారని టీచరు జీతం తగ్గదు, బస్సు ఖర్చూ తగ్గదు. ఆ లోటును కొన్నాళ్లు రాష్ట్రం పూడ్చాలి. ఆ రోజుల్లో పూర్తిగా పూడ్చలేదు. ఊరూరా స్కూలు కమిటీలు వ్యతిరేక తీర్మానాలు చేశాయంటే ఆశ్చర్యమేముంది? ఒకప్పుడు ఓ చార్టర్ స్కూలు బోర్డులో ఉన్న అప్పటి బోస్టన్ మేయర్ మార్టీ వాల్ష్ కూడా ఆ ప్రతిపాదనను కాదన్నారు.

అపోహ: ఎవరు ఎక్కువ ఖర్చు పెడితే వాళ్లదే గెలుపు.

ఈ ఒక్క ప్రశ్న మీద రెండు పక్షాలూ కలిపి 4 కోట్ల డాలర్లకు పైగా పోశాయి. టీచర్ల సంఘాలు దండిగా పెట్టాయి, సమర్థకులు అంతకు మించి పెట్టి ఓడారు. దాతల పేర్లు దాచినందుకు 2017లో సమర్థకుల సంస్థ ఒకటి 4 లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. ఇంగువ కట్టిన గుడ్డ అన్నట్టు, ఆ వాసన ఇప్పటికీ పోలేదంటాన్నేను.

అపోహ: జనం తేల్చాక ఇక తిరుగుండదు.

మైక్రోసాఫ్ట్ పుణ్యమా అని మనవాళ్లకు బాగా తెలిసిన వాషింగ్టన్ రాష్ట్రాన్నే చూడండి. 1996, 2000, 2004లలో ఓటర్లు చార్టర్లను కాదన్నారు. 2012లో అతి స్వల్ప ఆధిక్యంతో అవునన్నారు. ఎన్నికైన బోర్డు లేని బడికి సాధారణ బడుల నిధులు చెల్లవని 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మరుసటి ఏడాది శాసనసభ లాటరీ టికెట్ల ఆదాయాన్ని మళ్లించి కొత్త చట్టం తెచ్చింది. 2018లో దాన్ని కోర్టు చాలావరకు నిలబెట్టింది.

అపోహ: అక్కడ పన్ను కడుతున్నాం, పిల్లలు అక్కడే చదువుతున్నారు, కాబట్టి ఓటూ ఉంటుంది.

హెచ్1బీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల పిల్లలు చార్టర్ లాటరీకి దరఖాస్తు పెట్టొచ్చు. ఇలాంటి రాష్ట్రస్థాయి బ్యాలెట్‌లో ఓటు మాత్రం పౌరసత్వం వచ్చాకే.