కాణి మీద వాన

"తాతా, కాణి అంటే ఎంత?"

కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడి దర్శనం చేసుకొని, బయటికొచ్చి బాహుద గట్టున నీడలో కూర్చున్నాం. మా మనవరాలు ఆరో తరగతి చదువుతోంది. గుళ్లో వాళ్ల అవ్వ చెప్పిన కథ దాని మనసులో ఇంకా తిరుగుతోంది. మీకూ తెలిసిన కథే. ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఒకరికి వినికిడి లేదు. బావి అడుగంటితే దిగి తవ్వారు. పార రాతికి తగిలి నెత్తురు చిమ్మింది. ఆ నెత్తురు సోకగానే ముగ్గురి లోపాలూ పోయాయి. ఊళ్లవాళ్లంతా పరుగెత్తుకొచ్చి కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి మడి నిండా పారాయి. కాణి పారకం కాస్తా కాణిపాకమైంది.

"ఎకరంపావు తల్లీ" అన్నాను. నీళ్లు ఎంత నేల మీద పారాయో పేరులోనే రాసి పెట్టుకున్న ఊరు ఇది. నాకు ఈ పేరంటే అందుకే అంత ఇష్టం.

"అయితే కాణి మీద ఒక సెంటీమీటరు వాన పడితే ఎన్ని నీళ్లు?" అని నేనడిగాను. వేళ్ల మీద లెక్క మొదలైంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఎకరంపావు అంటే ఇంచుమించు 5,060. దాని మీద సెంటీమీటరు మందాన నీళ్లు నిలబెడితే 50,600 లీటర్లు. చిత్తూరు చుట్టుపక్కల పిల్లలకు లీటర్ల కంటే ట్యాంకర్లు బాగా తెలుసు. ఎండాకాలంలో వీధి మొదట్లో ట్రాక్టరు చప్పుడు వినబడితే చాలు, బిందెలు బారులు తీరతాయి. ఆ ట్రాక్టరు ట్యాంకరులో 5,000 లీటర్లు పడతాయనుకుందాం. కాణికి ఒక్క సెంటీమీటరు వానంటే పది ట్యాంకర్లు. పది సెంటీమీటర్లు కొట్టిందంటే వంద ట్యాంకర్లు.

"ఒక్క కాణి మీదే వందనా!" అని పాప నోరు తెరిచింది. అదే వాన చదరపు కిలోమీటరు నేల మీద పడితే ఇరవై వేల ట్యాంకర్లు. మన చుట్టూ ఉన్నవి రాతి గుట్టలు. పడ్డ నీటిని అవి ఎక్కువసేపు పట్టి ఉంచుకోలేవు. గుట్ట మీది నీళ్లు వంకలోకి, వంక నీళ్లు చెరువులోకి, చెరువు నిండితే మొరవ మీదుగా కింది చెరువులోకి, చివరికి ఏట్లోకి దిగుతాయి. మన పెద్దవాళ్లు గొలుసుకట్టుగా చెరువులు తవ్వింది ఈ పరుగును నెమ్మది చేయడానికే. ఒక్కో చెరువూ వరదకు కాసేపు కూర్చునే అరుగు లాంటిది.

పాప ఏటికేసి చూసింది. ఏడాదిలో చాలా నెలల మాదిరే బాహుద ఎండి ఉంది. ఇసుక, రాళ్లు, అక్కడక్కడా కంపచెట్లు.

"ఇంత ఏట్లో అన్ని నీళ్లు ఎట్ల పడతాయి తాతా?"

అసలైన ప్రశ్న అదే. ఇంటికి పోయాక దొడ్లో చేసి చూపించాను. మొక్కలకు నీళ్లు పెట్టే రబ్బరు పైపు మూతిని బొటనవేలితో సగం మూశాను. నీళ్లు చివ్వున దూరంగా ఎగిరాయి. కొళాయిలోంచి వచ్చే నీళ్లు అవే, దారి సగమైంది, అందుకని వేగం పెరిగింది. పైపుకు పైకప్పు ఉంది కాబట్టి నీళ్లకు వేగం తప్ప వేరే దారి లేదు. ఏటికి పైకప్పు లేదు. అక్కడ దారి ఇరుకైతే వేగం పెరుగుతుంది, మట్టం కూడా పెరుగుతుంది, గట్టు దాటి ఇళ్లలోకి వస్తుంది. దారిలో కంప పెరిగి ఉంటే నీళ్లు దానికి కొట్టుకొని మందగిస్తాయి. వెనక నుంచి వచ్చేవి మాత్రం ఆగవు కదా, అప్పుడూ మట్టం లేస్తుంది. ఏరు పట్టగలిగే నీళ్లంటే వెడల్పు, లోతు, వేగం మూడింటినీ గుణిస్తే వచ్చేది. వర్షాన్ని మనం ఆపలేం. ఈ మూడు మాత్రం చాలావరకు మనుషుల చేతిలోనే ఉంటాయి.

వేగం సంగతి ఇంకొకటి చెప్పాలి. నీటి వేగం రెట్టింపైతే, అది దొర్లించగలిగే రాయి బరువు రెండింతలు కాదు, 64 రెట్లు పెరుగుతుంది. నెమ్మదిగా పారేటప్పుడు పావుకిలో గులకరాయిని కదిలించే ఏరు, రెట్టింపు వేగంతో వస్తే పదహారు కిలోల బండను దొర్లిస్తుంది. 2021 నవంబరులో తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టు కోసుకుపోయి, ఒక ఇల్లు నిలువునా ఏట్లోకి ఒరిగిపోవడం టీవీలో అందరం చూశాం. గోడలు ఎంత గట్టివైనా వాటి కింది మట్టి పోయాక నిలబడవు.

ఆ నవంబరును మన వైపువాళ్లెవరూ మరవలేరు. 19వ తేదీ తెల్లవారుజామున వాయుగుండం చెన్నైకీ పుదుచ్చేరికీ మధ్య తీరం దాటింది. చిత్తూరు, తిరుపతి, కడప మీద కుండపోత. రాజంపేట పక్కన చెయ్యేరు ఉంది కదా, దానికీ బాహుద అనే పేరుంది. అక్కడా ఇక్కడా ఒకటే కథ చెబుతారు. లిఖితుడి చేతులను రాజు నరికించాడని, అతను నదిలో మునిగి లేస్తే అవి మళ్లీ వచ్చాయని. చేతులిచ్చిన ఆ ఏరే ఆరోజు తెల్లవారేసరికి పులపత్తూరు, తొగురుపేట, మందపల్లె ఊళ్లను ముంచేసింది. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లూ కలిసి అన్నమయ్య ప్రాజెక్టు మీద పడ్డాయి. వచ్చిన వరద మూడు లక్షల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కంటే సెకనుకు 28 లీటర్ల చిల్లర. మన లెక్కలో చెప్పాలంటే సెకనుకు 1,700 ట్యాంకర్లు. అన్ని నీళ్లు పోయేంత దారి ఆ గేట్లకు లేదు. పైగా ఉన్న ఐదింటిలో ఒకటి పని చేయలేదని పార్లమెంటులోనే చెప్పారు. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే కట్ట వెనక వాలును కోసుకుంటూ పోతాయి. కోత మొదలయ్యాక ఇక అది ఎవరి చేతిలోనూ ఉండదు. తెల్లవారే వేళ, మనుషులు ఇంకా ఇళ్లలోనే ఉన్నారు. ఎందరో పోయారు. ఒక గేటు బాగు చేయడం వానాకాలానికి ముందు చేసుకోవలసిన పని. ఆ మాట అనుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

అదే వానలకు తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టలోంచి నీళ్లు ఊరాయి. కింది ఊళ్లను ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలు పేర్చారు, కట్ట నిలిచింది. ఇక్కడ మీకు ఒక పాత శాసనం గుర్తు చేస్తాను. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు తవ్వించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని రాయించాడు. మంచి చెరువుకు పన్నెండు లక్షణాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు ఉంటాయని కూడా అందులో చెక్కించాడు. కట్టలోంచి నీళ్లు ఊరడం ఆ ఆరు దోషాల్లో ఒకటి. ఆరున్నర శతాబ్దాల కిందటే రాతిమీద చెక్కి పెట్టిన సైన్సు అది.

ఊట చూడడం మా నాయన నాకు చెప్పిన విద్య. కట్ట వెనక పాదం దగ్గర తేమ కనబడితే ఆ నీళ్లను దోసిట్లో పట్టి చూడాలి. తేటగా ఉంటే కట్ట ఊపిరి పీలుస్తోందనుకో, ఒక కన్నేసి ఉంచు అనేవాడు. కలకబారి, మట్టిరంగులో ఉంటే పరుగెత్తు అనేవాడు. మట్టిరంగు వచ్చిందంటే నీటితోపాటు కట్టలోని మట్టి రేణువులు కూడా బయటికొస్తున్నాయని అర్థం. లోపల ఎలుక కన్నమంత గొట్టం పడుతుంది, గంటల్లో అది మనిషి దూరేంత అవుతుంది. ఈ పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు.

2021 డిసెంబరులో ఆనకట్టల భద్రత చట్టం వచ్చింది. మంచి సంగతే. అయితే అది ముఖ్యంగా పదిహేను మీటర్లకు మించిన ఆనకట్టల కోసం. మన ఊరి చెరువులు చాలావరకు అంత ఎత్తుండవు. వాటికి కళ్లూ చెవులూ ఊరే. పూర్వం చెరువు నీళ్లు చూసుకోవడానికి నీరుగంటి ఉండేవాడు. చెరువు తవ్వించి బాగు చూసుకున్నవాళ్లకు దశబంధం అని మాన్యం ఇచ్చేవాళ్లు. ఆ ఏర్పాటు పోయింది, ఆ పని మాత్రం పోలేదు.

మా ఊరి వంక సంగతి చెబుతాను. మా చెరువులోకి నీళ్లు తెచ్చే వంక ఏటేటా సన్నబడుతూ వచ్చింది. వానొస్తే నీళ్లు చెరువులోకి పోకుండా వీధిలోకి మళ్లేవి. ఊరంతా కలిసి అర్జీ పెట్టాం. "వంక ఆక్రమణకు గురైంది, దయచేసి చర్య తీసుకోగలరు" అని రాశాం. ఒక ఆఫీసులో తీసుకొని ముద్ర వేశారు, అంతే. మరుసటి ఏడు మళ్లీ రాశాం, మళ్లీ ముద్రే. మూడోసారి మా ఊరి కాలేజీ పిల్ల ఒకతె, "తాతా, వంక ఎంత వెడల్పుండాలో మనకు తెలుసా?" అంది. ఎవరికీ తెలీదు. గ్రామ పటం నకలు తీయించాం. అందులో వంక పోరంబోకు గీతలు స్పష్టంగా ఉన్నాయి. టేపు పట్టుకొని ఇరవై చోట్ల కొలిచాం. పటంలో నలభై అడుగులున్న చోట నేల మీద పన్నెండు. ఒక చోట ఏడు. ప్రతి చోటా ఫోటో, తేదీ, సర్వే నంబరు. వరద వచ్చిన రోజు వీధి గోడల మీద నీళ్లు ఎంత ఎత్తున మచ్చ పెట్టాయో అదీ కొలిచి రాశాం. గ్రామసభలో తీర్మానం చేయించి, సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇచ్చాం. ఆ వేసవికి జేసీబీ వచ్చింది. పూర్తిగా నలభై అడుగులు కాలేదు, రెండు చోట్ల ఇంకా తగాదా నడుస్తోంది. అయినా ఆ తర్వాత వానకు వీధిలోకి నీళ్లు రాలేదు.

అర్జీకి బలం కొలతల్లోంచి వస్తుందని నేను ఈ ముసలితనంలో నేర్చుకున్నాను. సైన్సు మాస్టరుగా ముప్పై ఏళ్లు పిల్లలకు కొలవడం నేర్పినవాణ్ని, నా ఊరి వంకను కొలవాలని నాకు ముందే తోచకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అడగడానికి దారులు ఉన్నాయి. నీరు, భూమి, చెట్ల కోసం వాల్టా చట్టం 2002లో వచ్చింది. 2005 నుంచి సమాచార హక్కు ఉంది. చెరువు గేట్లు ఎప్పుడు బాగు చేశారో కాగితం అడగొచ్చు. చెరువులు, కుంటలు ఊరి ఉమ్మడి ఆస్తి, కాపాడవలసిందే అని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది, చిత్తూరు నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరొచ్చు.

అడగడం తేలికైన పని అని మాత్రం నేను చెప్పను. 2017 ఏప్రిల్ 21న మునగలపాళెం రైతులు స్వర్ణముఖిలో ఇసుక అక్రమ తవ్వకాల మీద మొరపెట్టుకోవడానికి ఏర్పేడు పోలీసు స్టేషను దగ్గరికి వచ్చారు. అదుపు తప్పిన లారీ వాళ్ల మీదికి దూసుకొచ్చింది. పదిహేను మంది దాకా పోయారు. తమ ఏరు తమకు దక్కాలని అడగడానికి పొద్దున ఇంట్లోంచి బయల్దేరినవాళ్లు. ఆ దారిన పోయినప్పుడల్లా నేను బస్సులోంచే నమస్కారం పెట్టుకుంటాను.

ఇసుక కోసం అంత పోరాటం ఎందుకో పిల్లలకు తెలియాలి. ఇంట్లో ఒక గాజు గ్లాసు నిండా ఏటి ఇసుక పోయండి. ఇప్పుడు దానిలోకి నీళ్లు పోస్తూ పోండి. నిండిందనుకున్న గ్లాసులో ఇంకా మూడోవంతు దాకా నీళ్లు పడతాయి. ఇసుక రేణువుల మధ్య అంత ఖాళీ ఉంది. మన కాణి లెక్కే వేసి చూస్తే, ఏట్లో కాణి మేర మీటరు లోతు ఇసుక ఉంటే అందులో మూడువందల ట్యాంకర్లకు పైగా నీళ్లు దాగుతాయి. బావులకు, చెలమలకు అవే నీళ్లు. ఇసుకను గుంతలు గుంతలుగా తోడేస్తే ఆ నీళ్లు పోతాయి, వరదొచ్చినప్పుడు గుంత అంచు కోసుకుంటూ పైకి పాకి వంతెన కాళ్ల కింది నేల కూడా పోతుంది.

ఏటిని ప్రజలే చూసుకునే పద్ధతి ఇతర చోట్లా ఉంది. నెదర్లాండ్స్ దేశంలో రైన్‌లాండ్ నీటి మండలి 1255 నాటికే ఉంది. నేటికీ అక్కడ నీటి మండళ్లకు జనం ఓట్లేస్తారు. 1995లో వరద భయంతో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక, వాళ్లు గట్లు ఇంకా ఎత్తు లేపడంతో సరిపెట్టలేదు. నదికి చోటు వెనక్కి ఇచ్చారు. కొన్ని చోట్ల గట్టును నది నుంచి దూరంగా జరిపి కట్టారు. రాజస్థాన్‌లో ఆర్వరీ నది ఒడ్డున ఊళ్లన్నీ కలిసి నది పార్లమెంటు పెట్టుకొని, ఎంత తోడాలో, ఏ పంట వేయాలో తామే తేల్చుకున్నాయి.

ఇదంతా విని పాప, "మరి మన బాహుదకు ఎవరున్నారు తాతా?" అంది. నేను జవాబు చెప్పలేదు. మరుసటి ఆదివారం ఇద్దరం టేపు, రంగు డబ్బా, గీతల నోటుబుక్కు పట్టుకొని మా ఊరి చప్టా దగ్గరికి పోయాం. చప్టా స్తంభం మీద అడుగు అడుగుకీ తెల్ల గీత పెట్టాం. పాప వంగి, నాలుక బయటపెట్టి, ఎంత శ్రద్ధగా గీసిందో. తర్వాత పుస్తకం తెరిచి మొదటి పేజీలో రాసింది:

ఆదివారం. నీళ్లు: లేవు. చప్టా కింద తూములు: ఆరు. మూసుకుపోయినవి: రెండు. కంపచెట్లు: 31.